మధ్య స్టేషన్‌లో ఎవరూ దిగకండి

మేం అమెరికా వచ్చి షాంటిలీలో ఇల్లు కొనుక్కున్న తొలి సంవత్సరాల్లో, యూరప్ చూడాలనుకున్న తెలుగువాళ్ళు టికెట్లు కొనేముందు ఒకసారి మా ఇంటికి వచ్చేవాళ్ళు. మా ఆయన కోసం. ఆయన ఆఫీసులో చేసేది డేటాబేస్ పని. శనివారం పొద్దున మాత్రం డైనింగ్ టేబుల్ మీద లాప్‌టాప్ తెరిచి, పక్కన యూరప్ రైల్వే మ్యాప్ పరిచి, వచ్చినవాళ్ళకి ప్రయాణం అల్లి ఇచ్చేవారు. పిల్లలెంతమంది, పెద్దవాళ్ళకి మోకాళ్ళ నొప్పులున్నాయా, సూట్‌కేసులెన్ని, అన్నీ అడిగేవారు. జ్యూరిక్‌లో దిగాక ఎటు నడవాలి, సరస్సు కనపడాలంటే ఏ వైపు కూర్చోవాలి, వెనిస్‌లో ఉన్న రెండు స్టేషన్లలో మనం దిగకూడనిది ఏది, పాస్ కొనుక్కోవడం మేలా, విడి టికెట్లు మేలా, ఆయన చెబుతుంటే వాళ్ళు రాసుకునేవాళ్ళు. నేను ఉప్మా, కాఫీ అందించేదాన్ని.

తిరిగొచ్చాక చాక్లెట్ డబ్బా పట్టుకుని మళ్ళీ వచ్చేవాళ్ళు.

"మీరు చెప్పిన వైపే కూర్చున్నామండీ. అబ్బ, ఏం వ్యూ! మీరు ఏ సంవత్సరం వెళ్ళారు?"

"మేమింకా వెళ్ళలేదు," అనేవారు ఆయన.

జోకనుకుని వాళ్ళు నవ్వేవాళ్ళు. జోకు కాదు. యూరప్ సంగతి అలా ఉంచండి, ఆయన అమెరికాలో రైలెక్కగా నేను చూడలేదు. ఐసెలిన్‌లో మా పిన్ని కూతురు ఉండేది, మాకు నాలుగు గంటల దూరం. వాళ్ళింటికి వెళ్ళాలంటే ఎంత ట్రాఫిక్ ఉన్నా కార్లోనే. ఇండియాలోనూ అంతే. పెళ్ళయిన కొత్తలో మా తెనాలి నుంచి వాళ్ళ ఆదోనికి మమ్మల్ని బస్సుల్లో తిప్పి తిప్పి తీసుకెళ్ళారు. రైలుంది కదా అని మా నాన్న అంటే, బస్సే హాయి అన్నారు ఈయన. కొత్త అల్లుడి మాటకి ఎదురుచెప్పేదెవరు?

ఆయన వేసే రూట్లలో రెండు విచిత్రాలుండేవి. రైలు మారాల్సిన చోట పది నిమిషాలు సరిపోతుందన్నా వినకుండా గంటకు పైగా వదిలేవారు. రెండోది, అందర్నీ సాగనంపేటప్పుడు గుమ్మం దగ్గర నిలబడి ఒక మాట చెప్పేవారు. "మధ్య స్టేషన్‌లో ఎవరూ దిగకండి. కాఫీ కోసమైనా సరే. నీళ్ళు ముందే కొని పెట్టుకోండి." నవ్వుతూనే చెప్పేవారు కానీ, వాళ్ళు సరే అనేదాకా తలుపు మీద నుంచి చెయ్యి తీసేవారు కాదు. ఒకసారి ఒకాయన, "దిగితే ఏమవుతుంది గురూగారూ, ఇంకో రైలొస్తుంది కదా?" అన్నాడు. ఈయన చెయ్యి తలుపు మీదే ఉంది. ఆ వచ్చినాయన భార్యే కంగారుపడి, "దిగంలెండి అన్నయ్యగారూ," అంది.

మా ఆయన చిన్నప్పుడే వాళ్ళ అమ్మ పోయిందని పెళ్ళిచూపుల్లో చెప్పారు. జ్వరం వచ్చి, ఆస్పత్రిలో. నేను అంతకంటే అడగలేదు. కానీ కాపురానికి వచ్చాక ఒక సంగతి గమనించాను. మా మామగారి తద్దినం ఈయన ఏటా తప్పకుండా పెట్టేవారు. అమెరికా వచ్చాక కూడా పంతులుగారిని పిలిచి, గ్యారేజీలో పీటలు వేసి మరీ పెట్టేవారు. అత్తగారికి తద్దినం లేదు. తిథి తెలియదా అంటే, "తెలియదు," అన్నారు. ఆ మాట అబద్ధంలా వినిపించలేదు.

ఇంకోటి కూడా ఉంది. ఐసెలిన్ వెళ్ళినప్పుడు ఓక్ ట్రీ రోడ్డులో చీరల కొట్ల ముందు నన్ను వదిలేసి ఆయన ఎవరి వెనకో నడిచి వెళ్ళిపోయారు ఒకసారి. వెతుక్కుంటూ వెళితే, రెండు సందులు దాటి ఒక నగల కొట్టు అద్దం ముందు నిలబడి ఉన్నారు. లోపల ఒకామె గాజులు చూసుకుంటోంది. ముప్పై లోపు వయసు, నీలం చీర, ఒంటిజడ. నేను ఊరుకోకుండా, "బాగుందా అమ్మాయి?" అని ఆటపట్టించాను. ఆయన నా వైపు తిరిగిన తీరు చూసి నా నవ్వు ఆగిపోయింది. నేనెవరో గుర్తుపట్టడానికి ఆయనకి కాస్త సమయం పట్టింది.

*

మా వదిన, అంటే ఆయన అక్కగారు, ఆదోనిలో హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరైన ఏడాది వేసవికి మా దగ్గరికి వచ్చారు. అప్పటికి ఆవిడ భర్త పోయి కొంతకాలమైంది. ఈయన కంటే ఐదేళ్ళు పెద్ద. తమ్ముణ్ణి పెంచింది దాదాపు ఆవిడే. వచ్చేముందే స్విట్జర్లాండ్ వీసా వేయించుకుని వచ్చారు.

"ఊరందరికీ దారి చూపిస్తావంట. మీ అక్కకి చూపించవా?" అన్నారు వచ్చిన వారానికే.

పదహారేళ్ళ మా అమ్మాయి వెంటనే అందుకుంది. "ఎగ్జాక్ట్‌లీ అత్తా! నాన్నకి ఎవ్రీ స్టేషన్ తెలుసు, బట్ ఎక్కడికీ వెళ్ళరు. ఇట్స్ సో వియర్డ్."

ఆయన కాదంటారనుకున్నాను. "సరే, వెళ్దాం," అన్నారు.

పక్కవాళ్ళకి ఒక్క పూటలో రూటు వేసి ఇచ్చే మనిషి, మా ప్రయాణానికి వారాల తరబడి కూర్చున్నారు. జెనీవాలో దిగి జ్యూరిక్ నుంచి వచ్చేద్దామని ఒకసారి, మిలాన్ దాకా వెళ్దామని ఒకసారి. మర్నాటికి అన్నీ చెరిపేసేవారు. చివరికి తేలిందేమిటంటే, జ్యూరిక్‌లోనే మకాం. పొద్దున వెళ్ళి సాయంత్రం వచ్చే ఊళ్ళు మాత్రమే. అదీ నేరుగా వెళ్ళే రైలున్న ఊళ్ళే.

వదిన కళ్ళజోడు పెట్టుకుని ఆ ప్లాన్ అంతా చదివారు.

"యాడా బండి మారే పనే లేకుండా చేసినావు కదరా," అన్నారు.

"నీ మోకాళ్ళ కోసం అక్కా."

"నా మోకాళ్ళు బాగనే ఉండాయి."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు. నాకు ఆ గదిలో నేను లేనట్టు అనిపించింది. నాకు తెలియని మనిషెవరో మా టేబుల్ దగ్గర కూర్చున్నట్టు కూడా అనిపించింది.

ఆ నెలలోనే మా పిన్ని కూతురి సీమంతం వచ్చింది. ఐసెలిన్‌లో. యూరప్ వెళ్ళేముందు అలవాటవుతుంది, ఈసారి రైల్లో వెళ్దామా అన్నాను. ఆయన కారు తాళాల వైపు చూశారు. వదిన, "రైల్లోనే పోదాం. నాకూ చూడాలనుంది," అన్నారు. అమ్మాయి క్యాంపులో ఉంది. మేం ముగ్గురం మా పక్కనే ఉన్న వియెన్నా అనే ఊళ్ళో కారు పెట్టి, మెట్రోలో యూనియన్ స్టేషన్ చేరి, పొద్దున రైలెక్కాం.

ఎదురెదురుగా సీట్లున్న చోటు దొరికింది. వదిన కిటికీ పక్కన కూర్చున్నారు, నేను ఆవిడకి ఎదురుగా. ఆయన నా పక్కన, నడవ వైపు. కోటు విప్పి కొక్కేనికి తగిలించారు. బాల్టిమోర్ దాటాక కూడా బాగానే ఉన్నారు. వదినకి వంతెనలు చూపించారు. వెడల్పాటి నది ఒకటి దాటుతున్నప్పుడు దాని పేరు కూడా చెప్పారు.

మా వెనక సీట్లలో ఒక తల్లి, చిన్నపిల్లవాడు ఉన్నారు. ఆ పిల్లవాడు చాలాసేపు మారాం చేశాడు. జ్యూస్ కావాలి, జ్యూస్ కావాలి అని. ఆఖరికి ఆమె విసుక్కుని, "కదలకుండా కూర్చో, ఇప్పుడే వస్తా," అని క్యాంటీన్ పెట్టె వైపు వెళ్ళింది. పిల్లవాడు సీటెక్కి నిలబడి, ఆమె వెళ్ళిన తలుపు వైపే చూస్తున్నాడు.

ఆయన చెయ్యి నా చేతికి తగిలింది. చల్లగా, తడిగా ఉంది. మొహం చూస్తే చెమటలు.

"ఏమైందండీ? షుగర్ డౌన్ అయిందా?"

ఆయన నాకు కాదు, అక్కకి చెప్పారు. "నాకంత దప్పిక కూడా లేదక్కా ఆ రోజు."

వదిన కిటికీలోంచి మొహం తిప్పలేదు.

"అమ్మ కిటికీ పక్కన కూర్చునింది. అమ్మ లేస్తే ఆ చోటు నాకొస్తుందని నీళ్ళడిగినా."

"ఎక్కడ? ఏమిటండీ ఇదంతా?" అన్నాను.

అప్పుడు చెప్పారు. పెళ్ళయి అన్నేళ్ళకి, డెలావేర్‌లో ఎక్కడో, మొదటిసారి.

నంద్యాలలో చుట్టాల పెళ్ళికి వెళ్ళి ఆదోనికి తిరిగి వస్తున్నారట. ఆయనకి ఏడేళ్ళు, అత్తగారికి ముప్పై లోపే. గుంతకల్లు జంక్షన్‌లో చిన్న లైను బండి దిగి పెద్ద లైను బండి ఎక్కాలి. ఎక్కారు. మామగారు పై బల్ల మీద పడుకున్నారు. బండి కదలడానికి ఇంకా చాలా టైముందని అందరూ అనుకుంటున్నారు. ఈయన నీళ్ళడిగారు. అత్తగారు మరచెంబు తీసుకుని దిగారు. ఈయన కిటికీ దగ్గరికి జరిగి కూర్చున్నారు. బండి కదిలింది.

"నాన్నని లేపేసరికి స్టేషన్ దాటిపోయింది. తర్వాతి స్టేషన్‌లో దిగి, ఎదురు బండి పట్టుకుని వెనక్కి వచ్చినాం. అమ్మ లేదు. కొళాయి పక్కన మరచెంబు ఉండె. నిండా నీళ్ళు పట్టి, మూత బిగించి పెట్టింది. నాన్న దాన్ని ఎత్తుకొచ్చినాడు. ఊరు చేరేదాకా ఆ నీళ్ళే నాకు తాపించినాడు."

పోలీసులకి చెప్పారట. బావులు వెతికించారట. అత్తగారి పుట్టింటికి మనుషుల్ని పంపారట. ఆమె జాడ తెలియలేదు. కొన్నాళ్ళకి ఊళ్ళో అడిగేవాళ్ళకి జ్వరంతో పోయిందని చెప్పడం మొదలుపెట్టారు. మామగారు మాత్రం కర్మ చెయ్యనివ్వలేదు. పెద్దలెంత చెప్పినా, "రేపొద్దున వచ్చిందంటే ఏ మొహం పెట్టుకుని చూడాలి?" అన్నారట.

వెనక సీట్లోకి ఆ తల్లి తిరిగివచ్చింది. పిల్లవాడు సీసా అందుకున్నాడు.

"నువ్వు ఇంజను వైపు చూస్తాంటివి," అన్నారు వదిన.

ఆవిడ ఇప్పుడు మా వైపు తిరిగారు. క్లాసులో పాఠం చెప్పినంత నిదానంగా మాట్లాడారు.

"నువ్వు చూడలేదు. నేను ఎదురు కిటికీలో ఉన్యా. అమ్మ నీళ్ళు పట్టింది. మూత బిగించింది. చెంబు కింద పెట్టి తలెత్తి నన్ను చూసింది. పైట సర్దుకునింది. సర్దుకుని, అటు తిరిగి, వంతెన మెట్లెక్కింది. అప్పటికి బండి కదల్లేదురా. ఆమె పై మెట్టు ఎక్కినాక కదిలింది."

ఆయన అక్క పెదవుల వైపే చూస్తున్నారు, ఆ మాటలు ఇంకా అక్కడే ఉన్నట్టు.

"నువ్వు పిలవలేదా?" అన్నారు.

"ఏదో కొనడానికి పోతాందనుకున్యా. తర్వాత చెప్తే నాన్న ఏమైపోతాడో అని భయం. నాన్న పోయినాక చెప్దామనుకుంటి. నువ్వు అమెరికాకొస్తివి. ఫోన్‌లో చెప్పే మాట కాదు."

"అంటే, నా నీళ్ళ కోసం కాదు."

"కాదు నాయనా. కాదు."

అప్పుడు ఆయన ఏడుస్తారనుకున్నాను. ఆ మాట కోసమే ఇన్నేళ్ళు బతికిన మనిషి కదా, తేలికపడతారనుకున్నాను. ఆయన మొహం ఇంకా బిగుసుకుంది. తప్పిపోయిన అమ్మ ఆ క్షణంలో వెళ్ళిపోయిన అమ్మ అయిందని నాకు తర్వాత ఎప్పటికో అర్థమైంది.

*

ఫిలడెల్ఫియాలో రైలు కాసేపు ఆగుతుంది. అక్కడ ప్లాట్‌ఫాములు కిందికి ఉంటాయి, పగలు కూడా మసక వెలుతురే. ఆయన లేచి, "కాళ్ళు పట్టేశాయి, ఒక్క నిమిషం గాలి పీల్చుకుని వస్తా," అన్నారు. నేను వద్దనేలోగా వెళ్ళిపోయారు. కిటికీ అవతల ప్లాట్‌ఫామ్ మీద కనిపించారు. రెండడుగులు వెనక్కి వేసి, స్తంభం పక్కన నిలబడి, మా వైపు చూస్తున్నారు. ఆయన వెనకాల పైకి వెళ్ళే మెట్లు.

కండక్టర్ ఏదో అరిచాడు. జనం ఎక్కుతున్నారు. ఆయన కదల్లేదు. నేను అద్దం మీద కొట్టాను. రమ్మని చెయ్యి ఊపాను. ఆయన కూడా చెయ్యెత్తారు కానీ రాలేదు. తలుపులు పడ్డాయి. రైలు కదిలింది.

వదిన అద్దానికి మొహం ఆనించి నా మణికట్టు పట్టుకున్నారు. "మెట్లెక్కుతాడేమో చూడు. చూడమ్మా. మెట్లెక్కుతాండాడా?"

"కనపడటం లేదు వదినా."

"చూడు! నాకు కళ్ళు సరిగా ఆనవు. ఎక్కుతాండాడా?"

స్తంభాలు అడ్డమొచ్చాయి. తర్వాత చీకటి గోడ. తర్వాత ఎండ, నది, బోట్ హౌసులు. ఆయన కోటు కొక్కేనికి ఊగుతోంది. అందులో ఫోన్ ఉంది.

కండక్టర్ దగ్గరికి పరిగెత్తి చెప్పాను. అతను పెద్దమనిషి. కంగారు పడొద్దమ్మా, ఇలా రోజూ జరిగేదే, మీ గమ్యస్థానంలో దిగి కూర్చోండి, వెనకాల వచ్చే రైల్లో వస్తారు అన్నాడు. ఫిలడెల్ఫియా స్టేషన్‌కి కబురు కూడా చెప్పిస్తానన్నాడు. వదిన అప్పటికే సంచులు దింపుతున్నారు.

"తర్వాత వచ్చే స్టేషన్ ఏదైతే అదే. ముందు దిగుదాం."

ట్రెంటన్‌లో దిగిపోయాం. మేం అక్కడ ఉంటామని కండక్టర్ ఫిలడెల్ఫియాకి కబురు చెప్పించాడు. సీమంతానికి తెచ్చిన గాజుల పెట్టె, పూల బుట్ట, మిఠాయి డబ్బా పక్కన పెట్టుకుని బెంచీ మీద కూర్చున్నాం. పట్టుచీరల్లో మమ్మల్ని చూసి ఒకావిడ, పెళ్ళికా అని అడిగింది. అవునన్నాను. వదిన దేవుడి పేరు కూడా తలుచుకోలేదు. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని పట్టాల వైపు చూస్తూ కూర్చున్నారు.

"ఆ రోజూ ఇట్లనే బల్ల మీద కూర్చున్యాం," అన్నారు ఒకసారి. "నాన్న అటూ ఇటూ తిరుగుతా ఉండె. వీడు నా ఒళ్ళో తల పెట్టుకుని నిద్రపోయె. నేను మాత్రం అనుకుంటి, మనం వెనక్కి పోయినా ఉండదు అని. పన్నెండేళ్ళదాన్ని. నాకెట్ల తెలిసింది చెప్పు?"

నేను ఆవిడ భుజం మీద చెయ్యి వేశాను.

"ఎందుకు వెళ్ళారంటారు వదినా? మామగారు ఏమైనా..."

"నాన్న ఒక్క దెబ్బ కూడా వేసినోడు కాదు. మాట పడింది లేదు. అందుకే నాకు తెల్వదు. ఏదన్నా ఉండింటే బాగుండు."

రెండు రైళ్ళు వచ్చి వెళ్ళాయి. ఒక్కోటి వచ్చినప్పుడు వదిన లేచి నిలబడేవారు. దిగిన ప్రతి మొహం చూసి మళ్ళీ కూర్చునేవారు. మూడో రైల్లోంచి ఆయన దిగారు. చొక్కా చేతులు పైకి మడిచి ఉన్నాయి. చేతిలో ఏమీ లేదు. మామూలుగా ఆఫీసు నుంచి వచ్చినట్టు మా వైపు నడిచి వచ్చారు.

వదిన ఎదురు వెళ్ళి చెంప మీద కొట్టారు. గట్టిగా కాదు. తర్వాత ఆ చెంపనే అరచేత్తో పట్టుకున్నారు.

"ఎందుకు ఎక్కలేదురా?"

ఆయన బెంచీ మీద కూర్చున్నారు. మడిచిన చొక్కా చేతులు కిందికి దించుకుంటూ చెప్పారు.

"బయట నుంచి చూస్తే ఎట్లుంటుందో చూద్దామనిపించింది. లోపల ఉన్నోళ్ళకి బండి ఒక్కసారిగా పోయినట్టు ఉంటుందక్కా. ఇన్నేళ్ళూ నాకు అట్లే గుర్తు. కింద నిలబడి చూస్తే అట్ల కాదు. నిదానంగా పోతుంది. ఒక్కో పెట్టె పోతుంది. మనసు మార్చుకునేటంత టైము ఉంటుంది."

వదిన కళ్ళు మూసుకున్నారు.

"మరి మీరు?" అన్నాను. "మీరెందుకు మార్చుకోలేదు?"

"ఎక్కాలనే అనుకున్నా. కాళ్ళు రాలేదు. మీరిద్దరూ కిటికీలో కనపడుతున్నారు. అద్దం కొడుతున్నావు. అదంతా ఎవరిదో అనిపించింది." నా వైపు చూసి, "కొద్దిసేపే," అన్నారు.

ఆ కొద్దిసేపూ నన్ను ఈ రోజుకీ వదల్లేదు. ఫిలడెల్ఫియాలో ఆ మెట్లు ఎక్కి, పైనున్న వీధిలోకి వెళ్ళి, ఏదో ఒక బస్సెక్కి వెళ్ళిపోవడం ఎంత సులభమో, మా అత్తగారి మొహం కూడా ఎరగని నాకు ఆ బెంచీ మీద కూర్చున్నప్పుడు తెలిసింది.

సీమంతానికి వెళ్ళాం. భోజనాల వేళ దాటింది. ఆలస్యమెందుకైందంటే ట్రైన్ లేట్ అన్నాను. వదిన పిల్లకి గాజులు తొడిగారు. ఆయన మగవాళ్ళతో కూర్చుని గ్రీన్ కార్డ్ కబుర్లు విన్నారు. తిరుగు ప్రయాణం కూడా రైల్లోనే చేశాం, ఆయనే కావాలన్నారు.

*

స్విట్జర్లాండ్ వెళ్ళాం. మా అమ్మాయి దగ్గర అప్పటి ఫోటోలు ఇంకా ఉన్నాయి. అందరం బాగానే నవ్వుతున్నాం. ఫోటోల్లో లేనిదొకటి చెబుతాను. రైలు ఆగిన ప్రతి స్టేషన్‌లోనూ ఆయన దిగేవారు. దిగి తలుపుకి ఎదురుగా నిలబడి, కూత వినపడగానే ఎక్కేవారు. మా అమ్మాయికి అది సరదా, తనూ దిగేది. నేను ఒక చేత్తో తన సంచీ పట్టుకుని, ప్రాణం బిగబట్టుకుని ఉండేదాన్ని. వదిన మాత్రం అలాంటప్పుడల్లా రెండో వైపు కిటికీలోకి చూసేవారు. ఆ వైపు కొండలున్నా, గోడే ఉన్నా అటే.

చివరి రోజు హోటల్లో టిఫిన్ దగ్గర వదిన ఆ మాట ఎత్తారు. "ఇంటికి పోయినాక పంతుల్ని అడుగుతా. ఇన్నేళ్ళు జాడ లేనోళ్ళకి దర్భతో బొమ్మ చేసి కర్మ చేస్తారంట. చేసేద్దాం రా. ఆమెకి గాని, మనకి గాని శాంతి ఉంటుంది."

ఆయన బ్రెడ్డుకి వెన్న రాస్తూ, "ఆమె పోయిందని ఎవరు చెప్పినారు?" అన్నారు.

"బతికుంటే మాత్రం?"

"బతికుంటే బతికుంది. డెబ్బై నాలుగేళ్ళు. ఆ వయసోళ్ళు మన ఆదోనిలో ఎంతమంది లేరు?"

వదిన ఇక పట్టుపట్టలేదు. జ్యూరిక్ నుంచే ఆవిడ హైదరాబాద్ విమానం ఎక్కారు. తమ్ముడి చెయ్యి వదిలేముందు చెవిలో ఏదో చెప్పారు. నాకు వినపడలేదు.

ఆ తర్వాత ఆయన ఎవరికీ రూట్లు వేసి ఇవ్వలేదు. ఎవరైనా ఫోన్ చేస్తే, "ఇప్పుడన్నీ ఫోన్లోనే వచ్చేస్తున్నాయి కదండీ, అందులో చూసుకుంటే చాలు," అనేవారు. కొన్నాళ్ళకి అడగడం మానేశారు. శనివారాలు గడ్డి కోసుకుంటూ, గ్యారేజీ సర్దుకుంటూ గడిపేవారు. ఐసెలిన్ వెళ్ళినప్పుడు కూడా ఇదివరకటిలా ఎవరి వెనకా వెళ్ళడం లేదు. మొదట్లో నాకు నిమ్మళంగా అనిపించింది. తర్వాత ఒకసారి గమనించాను. ఆయన చూపు పడుచువాళ్ళ మీద నుంచి ముసలివాళ్ళ మీదకి మళ్ళింది. పిల్లల దగ్గర ఉండటానికి ఇండియా నుంచి వచ్చిన పెద్దావిడలు స్వెటర్లు వేసుకుని, చీర కింద బూట్లు తొడుక్కుని పార్కులో నడుస్తుంటారు. వాళ్ళు ఎదురైతే ఆయన పక్కకి తప్పుకుని దారిస్తారు. "ఏ ఊరమ్మా మీది?" అని అడుగుతారు. విజయవాడ అంటారు, వరంగల్ అంటారు. ఆయన తలాడించి నడుస్తారు.

మా మధ్య ఆ సంగతి మళ్ళీ రాలేదు. నేను ఎత్తలేదు. ఆయన ఏ ఊరు వెళ్ళినా, ఎంతసేపు ఆలస్యమైనా నేను ఫోన్ చేయకుండా ఉండలేకపోతున్నానని ఆయనకి తెలుసు. రెండో రింగుకే ఎత్తుతారు. "వస్తున్నా," అంటారు.

మొన్న చలికాలంలో ఒక ఆదివారం పొద్దున నేను కాఫీ కలుపుతున్నాను. ఆయన కిటికీ దగ్గర నిలబడి మంచు పడటం చూస్తున్నారు. ఉన్నట్టుండి, "ఈ ఏడు ఎనభై నిండుతాయి," అన్నారు.

ఎవరికని అడగలేదు. కప్పు ఆయన చేతికిచ్చాను.

"ఈ చలికి తట్టుకోలేరు ఆ వయసులో," అన్నారు. "మన వైపు పరవాలేదులే. ఎండ ఉంటుంది."